పాత పనిముట్లతో ఇనుప జంతువులు: కోయుటకు ముందు కొలత



మీ పశువుల కొట్టములో, అటకమీద, దొడ్డిమూల ఒకమారు పరికించి చూడుడు. మొన అరిగిన నాగలికర్రు, పిడి ఊడిన కొడవళ్లు, చేటంత ఉండి అరచేతి వెడల్పునకు అరిగిపోయిన పార, ఎద్దులబండి చక్రము నుండి జారిన ఇనుప పట్టా, విరిగిన కల్టివేటరు పళ్లు, మొద్దుపడిన రోటవేటరు కత్తులు, తెగిన గొలుసులు - వీనిలో కొన్నియైనను కనబడక మానవు. "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని కేకవేయుచు వచ్చు బండివానికి తూకమునకు వేయుట ఊరూర జరుగుచున్న పని. అట్లు వేయుటకు బదులు వీనితో ఎద్దు, కొంగ, కోడి, నెమలి వంటి జంతువుల బొమ్మలు చేయవచ్చును. ఇంటిముందు గాని, పాఠశాల ఆవరణలో గాని నిలిపినచో అవి చాల సంవత్సరములు నిలుచును. వేసవిలో పొలము పని లేని దినములలో, ఊరి కమ్మరియు వెల్డింగు పనివాడును తోడుండగా, ఏ రైతైనను చేయదగిన పని ఇది.

పంటల సాగు చెప్పుకొను ఉపన్యాసకునికి బొమ్మలతో పని యేమి అని మీరు అడుగవచ్చును. దానికి కారణము ఒక గొర్రు.

మాది మెట్ట సేద్యపు గ్రామము. 2013లో మా ఇల్లు పడగొట్టి కట్టించునపుడు కొట్టములోని సామాను ఖాళీ చేయించినవాడను నేనే. అప్పటికి మా నాయన పోయి రెండేండ్లు. మూల నిలబెట్టియున్న నాలుగు కర్రుల గొర్రుకు చెదలు పట్టియుండెను. చెక్క పొయ్యిలోనికి పోయెను. కర్రులను, గుంటక అడుగున నుండు ఇనుప పట్టెను, బండి పట్టాలు రెంటిని తూచి అమ్మివేసితిని. మూడేండ్ల తరువాత నేను కళాశాలలో మెట్ట సాగు పాఠము చెప్పవలసి వచ్చెను. మా ప్రాంతపు గొర్రును గూర్చి విద్యార్థులకు చెప్పబోయి, కర్రుకు కర్రుకు మధ్య దూరమెంతయో నాకు తెలియదని అప్పుడు గ్రహించితిని. ఊరికి వెళ్లి విచారించితిని. ఎవరి ఇంటను గొర్రు లేదు. చివరకు మా అమ్మను అడిగితిని. ఆమె ఇరువది ఏండ్లు గొర్రు వెనుక నడచి జడ్డిగములో విత్తనము పోసిన మనిషి. ఆమె నేలమీద చేయి పరచి చూపి, "కర్రుకూ కర్రుకూ నడుమ జానెడు, ఆపైన రెండు వేళ్లు. ఆ మాత్రం గుర్తుంది. కర్రు ఎంత వాలుగా ఉండేదో మీ నాయనకే తెలియాల" అనెను.

ఆమె జానతో కొలిచి చూడగా అది అడుగునకు కొంచెము తక్కువ. పుస్తకములో అడుగు అని వ్రాసి యుండుటచేత నేను అంతకుముందు అడుగనియే చెప్పియుంటిని.

ఇది చిన్న విషయము కాదు. గొర్రు కర్రుల మధ్య దూరమే ఆ ఊరి పంటలకు సాళ్ల మధ్య దూరము. అంతరకృషికి వాడు దంతె వెడల్పు అంతకంటె తక్కువగా ఉండి, సాళ్ల నడుమ పైరుకు తగులకుండ పోవలెను. కావున గొర్రును దంతెను ఒకదానికొకటి సరిపడునట్లు అమర్చుకొందురు. కర్రు వాలునుబట్టి విత్తనము ఎంత లోతున తేమలో పడునో నిర్ణయమగును. ఒక నేలలో, ఒక వానలో, తరతరములుగా దున్ని సరిదిద్దుకొన్న లెక్క యంతయు ఆ ఇనుములోను, ఆ కొయ్యలోను ఉండెను. నేను దానిని తూకమునకు అమ్మితిని. బొమ్మ చేయుటకై కోసియున్నను నష్టము అంతే.

కావున ఈ వ్యాసములో బొమ్మ చేయు విధముకంటె ముందు చెప్పవలసినది కొలత.

కోయుటకు ముందు

సామానునంతయు బయట పరచి మూడు కుప్పలుగా వేరుచేయవలెను.

మొదటి కుప్పలోనికి ఇంకను పనికివచ్చునవి, ఊరిలో మరి దొరకనివి రావలెను. పిడి మార్చినచో పనిచేయు పారను బొమ్మకు బలిచేయుట తెలివి కాదు. గొర్రు, మోటకు సంబంధించిన ఇనుము, పాత కాలపు ఇనుప నాగలి, చెరకు గానుగ భాగములు వంటివి ఊరిలో అదొక్కటే మిగిలియున్నచో వానిని అసలు కోయవద్దు. సమీప కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని, వ్యవసాయ కళాశాలకు గాని ఒక మాట తెలుపుడు. వారు తీసికొనకపోయినను తుప్పు తుడిచి, నూనె రాసి, నేల తగులకుండ గోడకు వ్రేలాడదీయుడు.

రెండవది ప్రమాదకరమైన వాని కుప్ప. దానిని గూర్చి ముందు వివరించెదను.

మిగిలినది మూడవ కుప్ప, బొమ్మ దీనితోనే. కాని ఇందులోని ప్రతి వస్తువును కూడ కోయకముందు కొలిచి వ్రాయవలెను. ఒక నోటుపుస్తకములో పుట కొకటి చొప్పున దాని పేరు మీ ఊరి మాటలో ఎట్లందురో అట్లే వ్రాయుడు. ఒకే పనిముట్టునకు పది క్రోసుల దూరములో పేరు మారుచుండును, ఆ మార్పే విలువైనది. తరువాత పొడవు, వెడల్పు, బరువు. పళ్లున్నచో పంటికి పంటికి మధ్య దూరము, నడిమి నుండి నడిమికి. ఏ నేలలో, ఏ పైరుకు, ఏ నెలలో వాడెడివారు. ఎవరు చేసిరి, ఎవరు వాడిరి. కర్రు, కొడవలి వంటి వంకర వస్తువులను పాత వార్తాపత్రిక మీద పెట్టి చుట్టును పెన్సిలుతో గీసినచో కొలతకంటె మేలు. సెల్‌ఫోనుతో ఫొటో తీయునపుడు ప్రక్కన అడుగుబద్ద పెట్టుట మరువరాదు. బద్ద లేని ఫొటోలో గడ్డపార సూదివలె కనబడినను ఎవరును కాదనలేరు.

ఇంటిలోని పెద్దవారిని పిలిచి కూర్చుండబెట్టి ఈ పని చేయుడు. వస్తువు చేతికి వచ్చినపుడు జ్ఞాపకము వచ్చు మాటలు ఊరక అడిగినపుడు రావు.

ఆకారమును చూచుట

1942లో పికాసో అను చిత్రకారుడు పారిస్ నగరములో పాత సైకిలు సీటును, హ్యాండిలును తీసికొని ఒకదానికొకటి కలిపి ఎద్దు తల చేసెను. సీటు ముఖము, హ్యాండిలు కొమ్ములు. అంతకుమించి ఏమియు చేర్చలేదు. సీటును కోయలేదు, హ్యాండిలును వంచలేదు. దానిని చూచినవారికి సైకిలును కనబడును, ఎద్దును కనబడును. తుక్కు ఇనుముతో చేయు బొమ్మల రహస్యమంతయు ఇదే. వస్తువును ముక్కలుగా నరికి రేకుగా మార్చి అతికినచో అది పనిముట్టును కాదు, జంతువును కాదు.

మన ప్రాంతములో తెనాలికి చెందిన కాటూరి వేంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర వాహనముల నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్ల చక్రములు కూర్చి నిలువెత్తు విగ్రహములు చేసి పేరు పొందిరి. అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రమున రీజెంట్ అను చిన్న ఊరున్నది. సేద్యము చేయు కుటుంబములు తగ్గి ఊరు క్షీణించుచుండగా, గ్యారీ గ్రెఫ్ అను ఉపాధ్యాయుడు బాటసారులను ఆ దారికి రప్పించుటకై రహదారి వెంట పెద్ద పెద్ద ఇనుప బొమ్మలు నిలుపుట ప్రారంభించెను. అప్పటికి ఆయనకు వెల్డింగు రాదు. 1991లో నిలిపిన మొదటి బొమ్మలకు పొలములలో వాడి విడిచిన ఇనుప తొట్లు ఉపయోగించెను. 2001లో నిలిపిన ఎగురు బాతుల బొమ్మ 110 అడుగుల ఎత్తు గలది. 1999లో పైరులో మిడతల బొమ్మలు కూడ నిలిపెను. మిడతను పొలములో నిలబెట్టి సంతోషించిన ఊరు మరియొకటి ఉండునని నేను అనుకొనను.

మనకు 110 అడుగులు అక్కరలేదు. కుప్పలోని వస్తువులను నేలమీద పరచి, త్రిప్పి, తలక్రిందులు చేసి రెండు మూడు దినములు చూచుచుండుడు. పిల్లలను కూడ పిలువుడు. కొడవలిలో కొంగ మెడను మా ఇంట మొదట చూచినది ఏడేండ్ల పిల్ల.

మొదట కొంగ

తొలి ప్రయత్నమునకు పెద్ద జంతువును ఎన్నుకొనరాదు. వరిచేలో నిలబడు కొంగ సులభము. అరిగిన పార దాని శరీరము. పార నోటివైపు తోకగాను, పిడి దూర్చు కన్నము వైపు రొమ్ముగాను పెట్టవలెను. ఆ కన్నములో కొడవలి తోకను దూర్చి బిగించినచో కొడవలి వంపు మెడ యగును. కొడవలి కొనకు పెద్ద నట్టు ఒకటి తల, అరిగిన ఉలి ముక్కు. 10 మిల్లీమీటర్ల కమ్మీలు రెండు కాళ్లు. కొంగ కాలిలో మనము మోకాలని భ్రమపడునది వాస్తవముగా మడమ. కనుక అది వెనుకకు వంగవలెను. ముందుకు వంచినచో పక్షి కాదు, పంచె కట్టిన మనిషివలె నుండును. ఒక కాలు ఎత్తి పెట్టుట చూపునకు బాగుండును గాని బొమ్మ పడిపోవును. అట్లు చేయదలచినచో రెండవ కాలు 16 మిల్లీమీటర్ల కమ్మీతో చేసి అడుగున బరువైన పళ్ల చక్రమునకు అతుకవలెను.

ఇందు అతుకులు ఏడు ఎనిమిదికి మించవు. ఒక పూటలో ముగియును.

ఎద్దు

ఎద్దు బొమ్మకు ముందు ఎద్దును కొలవవలెను. మీకు లేకపోయినచో ఉన్నవారి ఇంటికి వెళ్లి, త్రాటితో మూపురము ఎత్తు, రొమ్ము నుండి పిరుదుల వరకు పొడవు, ఛాతీ చుట్టుకొలత, మోకాలి ఎత్తు, ముఖము పొడవు తీసికొనవలెను. ఫొటో చూచి చేసిన ఎద్దుకు కాళ్లు పొడవగుట నేను చాలచోట్ల చూచితిని.

సగము కొలతతో చేయుట మంచిది. అన్ని కొలతలు సగము చేసినచో పట్టు రేకు సగము కాదు, నాలుగవ వంతు మాత్రమే. బరువును ముందుగా లెక్కకట్టుకొనవచ్చును. కమ్మీ మందమును మిల్లీమీటర్లలో తీసికొని దానిని దానితోనే హెచ్చవేసి 162తో భాగించినచో మీటరు బరువు కిలోలలో వచ్చును. 12 మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు సుమారు 890 గ్రాములు. అస్థిపంజరమునకు 20 మీటర్లు పట్టినచో దాదాపు 18 కిలోలు. రేకైనచో ఒక మిల్లీమీటరు మందము, ఒక చదరపు మీటరు 7.85 కిలోలుండును. మేము చేసిన సగము కొలత ఎద్దు ముగిసిన పిదప తూచగా 68 కిలోలు వచ్చినది.

ముందు 12 మిల్లీమీటర్ల కమ్మీతో వెన్నెముక, నాలుగు కాళ్లు, మెడ నిలబెట్టవలెను. వెన్నుగీత సరిగా వచ్చినచో సగము ఎద్దు వచ్చినట్లే. మెడ, మూపురము, వీపు పల్లము, పిరుదుల ఎత్తు, తోక మొదలు - ఈ గీతను పది అడుగుల దూరము నుండి చూచి సరిచేయుచుండవలెను. ఎద్దు నడచునపుడు ఎడమ వెనుకకాలు, ఎడమ ముందుకాలు, కుడి వెనుకకాలు, కుడి ముందుకాలు అను వరుసలో అడుగు వేయును; మెల్లని నడకలో ఎక్కువసేపు మూడు కాళ్లు నేలమీద నుండును. నడచు ఎద్దును చేయువారు ఈ వరుస తప్పినచో చూచువానికి కారణము తెలియకపోయినను ఏదో లోపమున్నట్లు తోచును. రైతు కన్ను దానిని మొదటి చూపులోనే పట్టును.

ప్రక్కటెముకలకు కొడవళ్లకు మించినవి లేవు. ప్రక్కకు ఏడేసి చొప్పున, నోటి అంచు లోపలికి తిరుగునట్లు అమర్చవలెను. అరిగిన పారలు రెండు ఎదురెదురుగా కలిపినచో మూపురము. తొడలకు అరిగిన డిస్కును రెండుగా కోసి వాడవచ్చును. విరిగిన కల్టివేటరు పంటి వంపు వెనుక కాలి మడమకు అచ్చముగా సరిపోవును. పొట్ట క్రింది గీతకు బండి పట్టా ముక్క చాలును. దానిని వంచనక్కరలేదు, చక్రము ఇచ్చిన వంపే చాలినంత. ముఖమునకు సన్నని పారను నడుమ మడిచి, క్రింద నాగలికర్రు కొనను మూతిగా పెట్టవలెను. చెవులకు రోటవేటరు కత్తులు. కొమ్ముల విషయములో జాతిని గమనింపవలెను. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టిగా, మొదట లావుగా నుండును. అరిగిన గడ్డపార మొనలు రెండు చాలును. హళ్లికార్ వంటి జాతికి పొడవైన వెనుకకు వంగిన కొమ్ములు కావలెను, కొడవళ్లు అక్కడ వాడుడు. ఒంగోలు ఎద్దుకు పొడవు కొమ్ములు పెట్టినచో ఊరివారు నవ్వెదరు.

గంగడోలును రేకుతో చేయరాదు, బిరుసుగా నుండును. సన్నని గొలుసులు పది పన్నెండు వరుసలుగా గొంతు నుండి ముందుకాళ్ల నడిమి వరకు వ్రేలాడదీయుడు. గాలికి అవి కదలుచుండును. తోకకు మోటారు సైకిలు గొలుసు, కుచ్చునకు తెగిన క్లచ్చి తీగెల పోగులు. ఎద్దు గిట్ట చీలియుండును గనుక ఒక్కొక్క గిట్టకు రెండేసి లాడపు బిళ్లలు పెట్టవలెను. కంటికి బేరింగు గుండు పెట్టుట అందరికిని తోచు ఆలోచన. కాని ఆ ఉక్కు మిక్కిలి గట్టిది, వెల్డింగు వేడికి పగులును. దానిని అతుకక ఒక నట్టులో కూర్చి అంచులు సుత్తితో మడిచి పట్టించుడు.

ఏ ఇనుము ఏది?

అన్ని ఇనుములు ఒక్కరీతిగా అతుకవు. గ్రైండరు రాతికి తగిలించి నిప్పురవ్వలను నీడలో చూచినచో రకము తెలియును. మెత్తని ఇనుమైనచో రవ్వలు పొడవుగా, లేత పసుపుగా, కొద్ది చీలికలతో వచ్చును. కొడవళ్లు, కల్టివేటరు పళ్లు, లారీ కమానుకట్టలు, డిస్కులు వంటి గట్టి ఉక్కైనచో రవ్వలు పొట్టిగా నుండి చివర పువ్వులవలె విరియును. పోత ఇనుమైనచో ఎర్రగా, మిక్కిలి పొట్టిగా నుండును.

మెత్తని ఇనుమునకు 3.15 మిల్లీమీటర్ల సాధారణ వెల్డింగు పుల్ల, సుమారు 100 మొదలు 130 ఆంపియర్ల కరెంటు చాలును. గట్టి ఉక్కును చల్లగా నుండగా అతికినచో అప్పటికి బాగున్నట్లు కనబడి, చల్లారిన పిదప అతుకు ప్రక్కననే టక్కున విరుగును. దానికి ఉపాయము కమ్మరులకు తెలిసినదే. అతుకు చోటును మెరుగుపెట్టి, కొలిమిలో గాని గ్యాసు మంటతో గాని కాచుచు, ఆ మెరుపు మీద ఎండుగడ్డి రంగు దాటి నీలపు ఛాయ వచ్చువరకు ఆగవలెను. అది 200 మొదలు 300 డిగ్రీల వేడి. అపుడు తేమ లేని పుల్లతో అతికి, వెంటనే పొడి బూడిదలో కప్పి తెల్లవారువరకు కదలింపక వదలవలెను. నీరు చల్లరాదు. పోత ఇనుమును అతుకుట నిపుణుల పని. బొమ్మకు దానిని కన్నము చేసి బోల్టుతో బిగించుటయే మేలు.

ముట్టరానివి

రెండవ కుప్పను గూర్చి ముందు చెప్పెదనంటిని. పురుగుమందు డబ్బాలు, నూనె లేక పెట్రోలు నిలువజేసిన డ్రమ్ములు ఎంత కడిగినను వెల్డింగునకు గాని కోతకు గాని పనికిరావు. లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వకు ప్రేలును. మోటారు సైకిలు షాకబ్జార్బరు, రెండు చివరలు మూసిన గొట్టము, సీలు వేసిన బేరింగు వేడికి బాంబువలె పగులవచ్చును. గొట్టమైనచో ముందు కన్నము వేయవలెను. పాత బ్రేకు షూలు, క్లచ్చి ప్లేట్లలో రాతినార యుండవచ్చును, వాని పొడి ఊపిరితిత్తులకు హాని. బ్యాటరీలను ముట్టకుడు.

జింకుపూత గల గొట్టములు, రేకులు చాల మోసము చేయును. కాల్చినపుడు తెల్లని పొగ వచ్చును. ఆ పొగ పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరము, ఒళ్లునొప్పులు పుట్టును. పాలు త్రాగినచో ఏమియు కాదని వెల్డింగు పనివారిలో ఒక నమ్మకమున్నది. అది పొగకు విరుగుడు కాదు. పూతగల సామాను వాడకుండుట, ఆరుబయట గాలి ప్రక్కనుండి వీచునట్లు నిలబడి పనిచేయుట మాత్రమే సాధనములు.

కంటిని గూర్చి నా అనుభవము చెప్పెదను. మొదటి ఎద్దు చేయునపుడు నేను ముక్కలు పట్టుకొని, వెల్డింగు పనివాడు అతుకుచుండెను. అద్దము అతనికి మాత్రమే ఉండెను. నేను తల ప్రక్కకు త్రిప్పుకొంటిని, అది చాలునని తలచితిని. సాయంత్రమువరకు ఏమియు లేదు. అర్ధరాత్రి రెండు కన్నులలో ఇసుక పోసి రుద్దినట్లు నొప్పి పుట్టి తెల్లవారువరకు నిద్ర లేదు. డాక్టరు చెప్పగా తెలిసినది, ఆ వెలుగు కంటి పైపొరను కాల్చునట. సహాయకునికి కూడ 10 లేక 11 నంబరు నల్ల అద్దము తప్పక యుండవలెను. చుట్టును నిలబడి చూచు పిల్లలను దూరముగా పంపవలెను, లేదా గోనెపట్టా తడిపి తెరగా కట్టవలెను. చనుబాలు, ఉల్లిరసము కంటిలో వేయుట మానుడు.

గ్రైండరుకు కన్నద్దాలు వేరుగా కావలెను. నూలు బట్టలు, బూట్లు, తోలు చేతితొడుగులు ధరింపవలెను. నైలాను చొక్కా రవ్వకు కరిగి ఒంటికి అంటుకొనును. తడినేలమీద, ఎర్తు సరిగా లేని కనెక్షనుతో పని చేయరాదు. నిప్పురవ్వలు 35 అడుగుల వరకు ఎగిరిపడును గనుక గడ్డివామి, చొప్పకుప్ప ఆ దూరములో ఉండరాదు. పని ముగిసిన తరువాత అరగంట ఒకరు అక్కడనే కావలి ఉండవలెను.

తుప్పు, నిలుపుట

పాత తుప్పు అంతయు తీసివేయనక్కరలేదు. పొరలుగా రాలు తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, మొండిచోట్ల నానిన చింతపండు గుజ్జు పూసి కొన్ని గంటలుంచి కడిగి, వెంటనే ఎండబెట్టవలెను. రంగు వేయుట నాకు ఇష్టము లేదు. రంగు వేసినచో కొడవలి కొడవలిగా కనబడదు. ఎండలో బాగుగా వేడెక్కిన బొమ్మకు కాచిన అవిసెనూనె పలుచగా రుద్ది ఆరనిచ్చి, అట్లే మూడుమార్లు చేసినచో నల్లని మెరుపు వచ్చును. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి కొట్టములో పడవేయకుడు; అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనును. నీళ్లలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరచి ఆరనీయవలెను. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి నూనె ఒక్కటే చాలదు; అక్కడ రెడ్‌ఆక్సైడు పూసి పైన రంగు వేయక తప్పదు.

వాననీరు నిలుచు పల్లపు చోట్లకు, పారల మడతలలో, మూపురము అడుగున 6 మిల్లీమీటర్ల కన్నములు వేయవలెను. కొడవలి నోళ్లను, రేకు అంచులను గ్రైండరుతో మొద్దుచేయవలెను. పిల్లలు ఎద్దు ఎక్కక మానరు. గిట్టల క్రింద కమ్మీలు అడుగు లోతున కాంక్రీటులో దిగవలెను. ఇది పడిపోకుండుటకు మాత్రమే కాదు. తూకపు బండివానికి బొమ్మయు ఇనుమే, రాత్రివేళ 68 కిలోలు మోయుటకు ఇద్దరు చాలుదురు.

మీ నోటుపుస్తకములో ఒక్కొక్క పనిముట్టునకు వేసిన వరుస నంబరును ఉలితో ఆ వస్తువు మీదనే, కనబడని వైపున, కొట్టియుంచుడు. మా ఎద్దుకు ఎడమ ప్రక్క మూడవ ఎముక 14వ నంబరు. పుస్తకములో ఆ పుటమీద "గడ్డి కోత కొడవలి, పొడవు 13 అంగుళములు, పళ్లు లేవు, అమ్మది" అని వ్రాసియున్నది. గొర్రు పుట మాత్రము ఖాళీగా ఉన్నది. దానిమీద జానెడు రెండు వేళ్లు అని ఒక గీత గీసియుంచితిని. మీ ఊరిలో కర్రులు ఊడని గొర్రు ఇంకను ఉన్నచో వాలు కొలిచి ఈ పత్రికకు వ్రాయుడు. కర్రు మొనను, దాని పైభాగమును కలుపునట్లు ఒక నూలుత్రాడు పట్టి, నేలకు ఆ త్రాటికి మధ్య కోణమును పాఠశాల పిల్లల కోణమానినితో చూచినచో చాలును.